జీపు రేడియో యాంటెనా: అన్ని ఛానెళ్లలో ఎస్‌డబ్ల్యూఆర్ 3 దాటుతోంది, 4 సెంటీమీటర్లు కోసేశాను కూడా

నీలిజీపు:
అందరికీ నమస్తే. జీపులో 27 మెగాహెర్ట్జ్ సీబీ రేడియో (బండ్ల మధ్య మాట్లాడుకునేది) పెట్టుకున్నాను, 40 ఛానెళ్లది, 4 వాట్లది. యాంటెనా మీటరున్నర స్టీలు కడ్డీ, అడుగున కాయిల్ ఉన్న రకం. వెనక తలుపు మీద, స్టెప్నీ చక్రం పక్కన బ్రాకెట్ బిగించి దాని మీద నిలబెట్టాను. కేబుల్ తలుపు సందులోంచి లోపలికి తెచ్చి సీటు కింద నుంచి రేడియో దాకా లాగాను. చూడటానికి బాగానే ఉంది. ఎస్‌డబ్ల్యూఆర్ (పంపిన పవర్ యాంటెనా నుంచి ఎంత వెనక్కొస్తోందో చెప్పే అంకె, 1కి దగ్గరగా ఉంటే మంచిది) మీటర్ పెట్టి చూస్తే 1వ ఛానెల్లో 3 పైన, 20లో 3 పైన, 40లో కూడా 3 పైన. పొడవు ఎక్కువైందేమో అనుకుని ఒక సెంటీమీటర్ కోశాను, ఏమీ మారలేదు. ఇంకోటి కోశాను. అలా మొత్తం 4 సెంటీమీటర్లు పోయాయి, సూది మాత్రం కదల్లేదు. ఇంకా కోయాలా, ఆపాలా?

పాతమైకు:
ఆపండి. కటింగ్ ప్లేయర్ తీసుకెళ్లి కనపడని చోట పెట్టండి.

కొంచెం వివరంగా చెప్తాను. పొడవు తప్పయితే ఒక చివర ఛానెల్లో ఎక్కువ, ఇంకో చివర తక్కువ, అలా ఏటవాలుగా కనిపిస్తుంది. 40 కంటే 1లో ఎక్కువ చూపిస్తే కడ్డీ పొట్టిగా ఉన్నట్టు, పెంచాలి. 1 కంటే 40లో ఎక్కువైతే పొడుగ్గా ఉన్నట్టు, తగ్గించాలి. అన్నింటిలోనూ ఒకేలా 3 దాటి కూర్చుందంటే గొడవ పొడవుది కాదు. గ్రౌండ్ (యాంటెనా అడుగుకీ బండి రేకుకీ కలయిక) లేకపోవడమో, కనెక్టర్లో షార్టో, వాషర్ తప్పుగా పడటమో, కేబుల్ తెగడమో అయ్యుంటుంది. ఇది తేలకుండా కోసే ప్రతి ముక్కా దండగే.

ఇంకోటి, 3 చూపిస్తుంటే మైకు నొక్కి పట్టుకుని మాట్లాడకండి. పంపిన పవర్లో పాతిక శాతం వెనక్కొస్తోంది, రేడియో చివరి ట్రాన్సిస్టర్ వేడెక్కుతుంది. మీటర్ చూసేంత సేపు, రెండు మూడు సెకన్లు, అంతే. యాంటెనా అసలు తగిలించకుండా అయితే ఒక్కసారి కూడా నొక్కద్దు.

సున్నాఓం:
మల్టీమీటర్ ఉందా అండీ? ఉంటే నాలుగు కొలతలు పెట్టండి. రేడియో వైపు కేబుల్ ఊడదీసి:
కనెక్టర్ మధ్య పిన్నుకీ బయటి చుట్టుకీ మధ్య ఎంత?
మధ్య పిన్నుకీ కడ్డీకీ మధ్య ఎంత?
బయటి చుట్టుకీ బ్రాకెట్‌కీ మధ్య ఎంత?
బ్రాకెట్‌కీ బ్యాటరీ నెగటివ్‌కీ మధ్య ఎంత?

మొదటిది కొలిచేటప్పుడు కడ్డీనీ కాయిల్‌నీ విప్పేసి కొలవండి. కొన్ని యాంటెనాల కాయిల్ లోపలే గ్రౌండ్‌కి కలిసి ఉంటుంది, అప్పుడు మీటర్ షార్ట్ అని చూపిస్తుంది, అది తప్పేమీ కాదు. ఇది తెలియక నేను ఓ మంచి కేబుల్ పారేశాను.

రోడ్డుమీదే:
కేబుల్ పొడవెంత బ్రదర్? ఖచ్చితంగా 18 అడుగులే ఉండాలి. నా బండికి మా మేస్త్రి అలాగే పెట్టాడు, ఫస్ట్ క్లాసుగా ఉంది.

పాతమైకు:
ఈ 18 అడుగుల మాట నేను చెవులు చిల్లులు పడేలా విన్నాను. యాంటెనా సరిగ్గా ఉంటే, కేబుల్ కూడా 50 ఓంలదే అయితే, అది ఎంత పొడవున్నా ఎస్‌డబ్ల్యూఆర్ మారదు. కేబుల్ పొడవు మారిస్తే మీటర్ మారుతోందీ అంటే, కేబుల్ బయటి జల్లి (మధ్య తీగ చుట్టూ అల్లిన సన్న తీగల పొర) మీద కరెంట్ పారుతోందన్నమాట. అంటే గ్రౌండ్ చాలక కేబులే యాంటెనాలో సగంగా పనిచేస్తోంది. అలాంటి బండిలో 18 అడుగులు పెడితే అదృష్టవశాత్తూ మంచి అంకె రావచ్చు. జబ్బు అలాగే ఉంటుంది, థర్మామీటర్ మాత్రం సంతోషంగా ఉంటుంది.

రోడ్డుమీదే:
నా బండికి జబ్బేమీ లేదు గురూ గారూ, ఆరేళ్ల నుంచి నడుస్తోంది.

పాతమైకు:
మీ బండిలో గ్రౌండ్ బాగుంది కాబట్టే నడుస్తోంది. ఒక మీటర్ కేబుల్ ముక్క అదనంగా కలిపి చూడండి, సూది కదలకపోతే నా మాట నిజమని ఒప్పుకోండి.

టంకం:
నేను కనెక్టర్ల మనిషిని కాబట్టి ముందు అక్కడే చూస్తాను. పీఎల్-259 కనెక్టర్ మీరే టంకం పెట్టారా, కేబుల్‌తో పాటు వచ్చిందా? మీరే పెట్టి ఉంటే జల్లిలోంచి ఒక్క వెంట్రుకలాంటి తీగ మధ్య పిన్ను వైపు వంగి ఉందేమో భూతద్దంతో చూడండి. నేనొకసారి రెండు రోజులు వెతికాను, ఆ తీగ నా కనురెప్ప వెంట్రుక కంటే సన్నం. ఇంకో తప్పు, సోల్డరింగ్ ఐరన్ ఎక్కువసేపు ఆనించడం. లోపలి ప్లాస్టిక్ కరిగి మధ్య తీగ పక్కకి జరిగి జల్లికి తగులుతుంది. బయటికి మెరుస్తూ అందంగానే ఉంటుంది, లోపల షార్ట్.

నీలిజీపు:
కేబుల్‌తో వచ్చిన కనెక్టరే. సున్నాఓం గారూ, కొలతలు ఇవిగో.

మధ్య పిన్ను, బయటి చుట్టు: కడ్డీ విప్పాక ఏమీ లేదు, ఓపెన్.
మధ్య పిన్ను, కడ్డీ: బీప్ వచ్చింది, 0.3 ఓం.
చుట్టు, బ్రాకెట్: 0.2.
బ్రాకెట్, బ్యాటరీ నెగటివ్: ఇక్కడే వింత. 0.5 అని చూపించి బీప్ కొట్టింది. మీటర్ అలాగే పట్టుకుని మోకాలితో తలుపు కాస్త తోశాను, బీప్ ఆగిపోయింది. వదిలితే మళ్ళీ వచ్చింది. తలుపు ఊపుతుంటే పిచ్చుక అరిచినట్టు కిచ్ కిచ్ మంటోంది. మా పిల్లాడికి ఇదో ఆటైపోయింది, పావుగంట ఊపాడు.

సున్నాఓం:
దొరికింది. పిల్లాడికి నా తరఫున ఒక చాక్లెట్.

మీ బ్రాకెట్ తలుపుకి కలిసే ఉంది. తలుపు మాత్రం బండికి కలిసి లేదు. తలుపు, బాడీ మధ్య ఉన్నవి రెండు బందులు, వాటిలో గ్రీజు, పైన పెయింట్, చుట్టూ రబ్బరు బీడింగ్. మనకి అది బండిలో భాగమే, రేడియోకి మాత్రం గాల్లో వేలాడే రేకు ముక్క.

నీలిజీపు:
అర్థమైంది. అయితే బ్రాకెట్ నుంచి బ్యాటరీ నెగటివ్ దాకా ఒక వైరు లాగేస్తాను. సాయంత్రం చెప్తాను.

పాతమైకు:
ఆగండి, వైరు...

నీలిజీపు:
లాగేశాను. బ్యాటరీ దాకా పోలేదు, వెనక సీటు బోల్టు దగ్గర పెయింట్ గీకి అక్కడ బిగించాను, మీటరు పొడవు పట్టింది. మల్టీమీటర్లో ఇప్పుడు సున్నా, తలుపు ఎంత ఊపినా బీప్ పోవట్లేదు. ఎస్‌డబ్ల్యూఆర్ మాత్రం 1లో 3, 20లో 2.9, 40లో 2.8. కాస్త తగ్గిందంటే తగ్గింది. ఇప్పుడేం చేయాలో చెప్పండి, ఓపిక అయిపోతోంది.

పాతమైకు:
పూర్తిగా రాసేలోపే మీరు లాగేశారు. మల్టీమీటర్ చూసేది బ్యాటరీ కరెంటుని, డీసీని. రేడియో పంపేది సెకనుకి 2 కోట్ల 70 లక్షల సార్లు అటూ ఇటూ ఊగే కరెంటుని. దానికి సన్నని వైరు ఒక కాయిల్‌లాగే కనిపిస్తుంది. మీటర్ పొడవున్న వైరుకి ఇండక్టెన్స్ (మారే కరెంటుని అడ్డుకునే గుణం) సుమారు ఒక మైక్రో హెన్రీ, కొంచెం ఎక్కువే కూడా. 27 మెగాహెర్ట్జ్ దగ్గర అది 150 ఓంలు దాటిపోతుంది. మల్టీమీటర్ సున్నా అంటోంది, రేడియోకి దారిలో 150 ఓంల గోడ. ఇద్దరూ నిజమే చెప్తున్నారు, అడిగిన ప్రశ్నలే వేరు.

కావాల్సింది పొట్టిగా, వెడల్పుగా ఉండేది. జడలా అల్లిన రాగి పట్టీ దొరుకుతుంది, రెండు వేళ్ల వెడల్పుది తీసుకోండి. దొరక్కపోతే పాత కేబుల్ పైతోలు తీసి లోపలి జల్లిని లాగి చదును చేసినా పనిచేస్తుంది. తలుపు బందు పక్కనే ఒకటి, తలుపు తెరుచుకునేంత వదులుతో, 15 సెంటీమీటర్లు మించకుండా. రెండు చివరలా సాండ్ పేపర్‌తో పెయింట్ పోయి రేకు మెరిసేదాకా రుద్ది, నక్షత్రం వాషర్ వేసి బిగించండి. బిగించాక పైన గ్రీజు పూయండి, లేకపోతే రెండు వానలకి తుప్పు పట్టి మళ్ళీ ఇక్కడికే వస్తారు. వీలైతే రెండు బందుల దగ్గరా ఒక్కోటి వేయండి.

చెవులపిల్లి:
మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. నాది కారు, 145 మెగాహెర్ట్జ్ సెట్టు, పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకున్నాను ఈ మధ్యే. అయస్కాంతం బేసు ఉన్న యాంటెనా వాడుతున్నాను. అది పెయింట్ మీదే కూర్చుంటుంది కదా, రేకుకి ఎక్కడా తగలదు. మరి దానికి గ్రౌండ్ ఎలా వస్తోంది? నాకు 1.3 చూపిస్తోంది, అంతా బాగానే ఉంది.

సున్నాఓం:
మంచి ప్రశ్న. అయస్కాంతం అడుగున రేకు, మధ్యలో పెయింట్ పొర, దాని కింద కారు రూఫు. రెండు రేకుల మధ్య సన్నని పొర ఉంటే అది కెపాసిటర్. రేడియో కరెంటు దాని గుండా వెళ్లిపోతుంది. 145 దగ్గర ఇంకా సులువుగా వెళ్తుంది. అందుకే పెయింట్ గీకక్కర్లేదు. కానీ రూఫు ఇనుపది అయ్యుండాలి. అల్యూమినియం అయితే అతుక్కోదు, ఫైబర్ అయితే అతుక్కోదు, గ్రౌండూ ఉండదు. మీది ఎక్కడ పెట్టారు?

చెవులపిల్లి:
డిక్కీ మూత మీద, వెనక మూలన. రూఫు మీద పెడితే పైన ఏదైనా తగులుతుందని భయం.

ఎనిమిదిచక్రాలు:
నడిరూఫు మీద పెట్టి చూడు తమ్ముడూ, అదే ఊళ్లో వేరే రేడియో కొన్నట్టు ఉంటుంది. మూలన పెడితే రేకు ఏ వైపు ఎక్కువ పరుచుకుని ఉందో ఆ వైపుకే గట్టిగా వెళ్తుంది, అంటే నీది ముందుకి బాగా వెళ్తూ వెనక్కి బలహీనంగా ఉండుంటుంది. 145కి పావు తరంగం కడ్డీ 49 సెంటీమీటర్లే కదా, నడిరూఫు మీద చుట్టూరా అంతంత రేకు దొరుకుతుంది. మా 27 వాళ్ల బాధ వేరు, పావు తరంగం అంటేనే 2.7 మీటర్లు, అంత కడ్డీ పెట్టుకుని ఏ చెట్టు కిందా పోలేం, అందుకే కాయిల్ పెట్టి పొట్టి చేసుకుంటాం.

అయస్కాంతం పెట్టే ముందు రూఫూ, అయస్కాంతం అడుగూ రెండూ తుడువు. ఒక్క ఇసుక రేణువు చాలు, గుండ్రంగా గీత పడుతుంది. జరపాలంటే ఈడ్వద్దు, ఎత్తి పెట్టు.

చెవులపిల్లి:
థాంక్స్ అన్నా. పొడవు సర్దాలంటే ఎంతెంత కోయాలి?

పాతమైకు:
145 దగ్గర మూడున్నర మిల్లీమీటర్లు తగ్గిస్తే ఒక మెగాహెర్ట్జ్ పైకి జరుగుతుంది. అంటే మీరు సెంటీమీటర్లు మర్చిపోండి, మిల్లీమీటర్లలో ఆలోచించండి. అసలు 1.3 ఉన్నదాన్ని ముట్టుకోవద్దు. 1.5 ఉంటే వెనక్కొచ్చేది 4 శాతం, 2 ఉంటే 11 శాతం. అవతలివాడి చెవికి ఆ తేడా తెలియదు. 1.3ని 1.1 చేయాలని ఆదివారాలు పాడు చేసుకున్నవాళ్లని చాలామందిని చూశాను, వాళ్లలో నేనూ ఉన్నాను.

ఎనిమిదిచక్రాలు:
తక్కువ అంకె చూసి మురిసిపోవద్దనడానికి నా కథ చెప్తాను. లారీకి పెట్టిన యాంటెనా అన్ని ఛానెళ్లలో 1.1. అన్నింటిలోనూ! ఫోటో తీసి అందరికీ పంపాను. రోడ్డెక్కితే రెండు కిలోమీటర్ల అవతల ఉన్న మా వాడికే వినపడట్లేదు. నెలరోజులు రేడియోని తిట్టాను. చివరికి కేబుల్ కోసి చూస్తే లోపల జల్లి నల్లగా బొగ్గులా ఉంది. పైన కడ్డీ దగ్గర కనెక్టర్లోంచి వాననీరు దిగి కేబుల్ మొత్తం పాకింది. పవరంతా కేబుల్లోనే వేడిగా మారి పోతోంది, వెనక్కి వచ్చేదీ దారిలోనే ఆరిపోతోంది, మీటరేమో వెనక్కి ఏమీ రావట్లేదు, బ్రహ్మాండం అంటోంది. డమ్మీ లోడ్ (యాంటెనా బదులు తగిలించి పవర్ని వేడిగా మార్చేసేది) కూడా 1.1 చూపిస్తుంది కదా, దానితో ఎవరితో మాట్లాడతాం.

అప్పటి నుంచి బయట ఉండే ప్రతి కనెక్టర్‌కీ సెల్ఫ్ ఫ్యూజింగ్ రబ్బరు టేపు సాగదీసి చుడతాను, దాని మీద మామూలు ఇన్సులేషన్ టేపు. కింది నుంచి పైకి చుట్టాలి, పెంకుల్లాగా ఒకదాని మీద ఒకటి పడేలా, నీళ్లు జారిపోతాయి.

టంకం:
పెంకుల పోలిక బాగుంది. కేబుల్ కనెక్టర్‌కి ముందు కిందికి ఒక వంపు కూడా ఇవ్వండి, నీటి బొట్టు ఆ వంపు దగ్గరే రాలిపోతుంది.

నీలిజీపు:
పట్టీలు వేశాను, రెండు బందుల దగ్గరా. అబ్బా, ఆ పెయింట్ గీకుతుంటే నా చర్మం గీకినట్టే ఉంది, కానీ వేశాను. అంకెలు: 1లో 2.4, 20లో 1.9, 40లో 1.5!!! సూది కదిలింది!

పాతమైకు:
శభాష్. ఇప్పుడు ఏటవాలు కనపడుతోంది చూడండి. 1లో ఎక్కువ, 40లో తక్కువ. అర్థం?

నీలిజీపు:
కడ్డీ పొట్టి. నేను కోసిన 4 సెంటీమీటర్లు. తిట్టండి.

పాతమైకు:
తిట్టను, ఈ వేదికలో సగం మంది ఇంట్లో అలాంటి ముక్కలు ఉంటాయి. కాయిల్ పైభాగంలో కడ్డీని పట్టి ఉంచే చిన్న అలెన్ స్క్రూలు ఉంటాయి, అవి వదులు చేసి కడ్డీ పైకి లాగండి. లోపల ఒక సెంటీమీటరైనా మిగలాలి, లేకపోతే గాలికి ఊడి వెనక బండి అద్దం మీద పడుతుంది. ఒక సందేహం, ఎక్కడ నిలబెట్టి కొలుస్తున్నారు?

నీలిజీపు:
ఇంట్లోనే, షెడ్డు కింద. ఎందుకు?

పాతమైకు:
షెడ్డు పైకప్పు రేకులా?

నీలిజీపు:
రేకులే.

సున్నాఓం:
😀

పాతమైకు:
జీపుని బయటికి తీయండి. చుట్టూ గోడలు, వేరే బండ్లు, కరెంటు తీగలు లేని ఖాళీ స్థలానికి. తలుపులన్నీ మూసి, మీరు డ్రైవర్ సీట్లో కూర్చుని కొలవండి. పక్కన మనిషి నిలబడినా అంకె మారుతుంది. మైకు నొక్కినప్పుడు పిల్లాడిని కడ్డీకి దూరంగా ఉంచండి, 4 వాట్లే అయినా ముట్టుకుంటే వేలు చురుక్కుమంటుంది. మీటర్ రేడియో పక్కనే, మధ్యలో పొట్టి ముక్క కేబుల్. ఛానెల్ మార్చిన ప్రతిసారీ ముందు ఎఫ్‌డబ్ల్యూడీ (ముందుకి వెళ్లే పవర్)లో పెట్టి సూదిని సెట్ గీత మీదికి తెచ్చి, ఆ తర్వాతే ఆర్ఈఎఫ్ (వెనక్కొచ్చే పవర్)కి మార్చండి. మీటర్ వాడటంలో జరిగే తప్పుల్లో సగం ఇక్కడే. నొక్కే ముందు ఆ ఛానెల్లో ఎవరైనా మాట్లాడుతున్నారేమో ఒక నిమిషం వినండి.

నీలిజీపు:
మైదానానికి వెళ్లాను. కదపకుండా కొలిస్తే 1లో 2.2, 40లో 1.5. కడ్డీ ఒకటిన్నర సెంటీమీటర్లు పైకి లాగాక 1లో 1.9, 20లో 1.5, 40లో 1.3. ఇంక లాగితే పట్టు ఉండదు. కొత్త కడ్డీ కొనాలా?

రోడ్డుమీదే:
కొనక్కర్లేదు బ్రదర్. కడ్డీ కింద స్ప్రింగు వేసుకో. కొమ్మలు తగిలితే వంగి లేస్తుంది, బ్రాకెట్ విరగదు, పైగా స్ప్రింగు పొడవు కూడా కలుస్తుంది. గురూ గారు కాదనరనుకుంటా.

పాతమైకు:
కాదనను, మంచి సలహా. స్ప్రింగు లోపల రాగి జల్లి తీగ ఉన్నది తీసుకోండి. లేనిదైతే బండి కుదుపులకి చుట్టలు ఒకదానికొకటి తగిలీ తగలక అంకె ఊగుతూ ఉంటుంది.

రోడ్డుమీదే:
అన్నట్టు ఆ మీటరు పొడవు కేబుల్ ముక్క కలిపి చూశాను. సూది కదల్లేదు. అంతే చెప్తాను, ఇంకేమీ చెప్పను.

నీలిజీపు:
స్ప్రింగు వేశాను. 1లో 1.4, 20లో 1.2, 40లో 1.5. ఇంక ముట్టుకోను, ప్రమాణం.

కానీ కొత్త గొడవ. ఇంజన్ ఆపి ఉంటే నిశ్శబ్దంగా ఉంటోంది. స్టార్ట్ చేస్తే సన్నగా కూత, యాక్సిలరేటర్ తొక్కితే ఆ కూత కూడా పైకి పోతోంది. దాంతో పాటు వేరే గరగర కూడా ఉంది, అది తొక్కినా మారట్లేదు.

సున్నాఓం:
రెండూ వేరు వేరు దొంగలు. యాంటెనా కేబుల్ ఊడదీసి, మైకు నొక్కకుండా, వట్టిగా వినండి. పోయిన శబ్దం యాంటెనా దారిలో వస్తున్నది, మిగిలిన శబ్దం పవర్ వైర్ల దారిలో వస్తున్నది.

నీలిజీపు:
కూత మిగిలింది. గరగర పోయింది.

సున్నాఓం:
కూత ఆల్టర్నేటర్‌ది. రేడియోకి పవర్ ఎక్కడి నుంచి ఇచ్చారు, సిగరెట్ లైటర్ సాకెట్ నుంచేనా? తీసేసి నేరుగా బ్యాటరీ నుంచి రెండు వైర్లు లాగండి, ప్లస్ వైరుకి బ్యాటరీ దగ్గరే ఫ్యూజు. రేడియో దగ్గర ఫ్యూజు పెడితే మధ్యలో వైరు ఒరుసుకుపోయి బాడీకి తగిలినప్పుడు కాపాడదు. వైర్లు ముందు స్తంభాల పక్క నుంచి తీసేటట్లయితే అక్కడ ఎయిర్‌బ్యాగ్ ఉందేమో చూసుకోండి, దాని మీదుగా ఏదీ పోనివ్వద్దు.

గరగర మాత్రం గాల్లోంచి వస్తోంది. బండిలో తర్వాత పెట్టినవి ఒక్కొక్కటీ ప్లగ్ తీసి చూడండి. ఫోన్ చార్జర్, డ్యాష్ కెమెరా, ఎల్ఈడీ లైట్లు.

నీలిజీపు:
ఫోన్ చార్జర్! పీకగానే కోసినట్టు ఆగిపోయింది. ఫోన్ పెట్టకపోయినా, ఊరికే సాకెట్లో ఉన్నా చాలు, గరగరమంటోంది. దాన్ని పక్కన పడేశాను. పవర్ బ్యాటరీ నుంచి లాగాక కూత దాదాపు లేనట్టే, చెవి పెట్టి వింటే తప్ప తెలియట్లేదు.

నిన్న పొద్దున రోడ్డు మీద పరీక్ష చేశాం, నా స్నేహితుడి బండి ముందు, నేను వెనక. తొమ్మిది కిలోమీటర్ల దాకా మాట స్పష్టంగా ఉంది, ఆ తర్వాత మధ్యలో గుట్ట అడ్డొచ్చింది. ఇంతకుముందు వీధి మలుపు తిరిగితేనే పోయేది. వచ్చేటప్పుడు ఒక చింత కొమ్మ తగిలింది, స్ప్రింగు వంగి టంగుమని లేచింది, నేనే ఉలిక్కిపడ్డాను.

చెవులపిల్లి:
నేనూ నడిరూఫు మీదికి మార్చాను. వెనకాల ఉన్న రిపీటర్ (మన మాట అందుకుని దూరానికి మళ్ళీ పంపే స్టేషన్) ఇదివరకు బుసబుసల్లో వినపడేది, ఇప్పుడు పక్కన కూర్చుని మాట్లాడినట్టుంది. నీలిజీపు గారూ, ఆ కోసిన 4 సెంటీమీటర్ల ముక్కలు ఏం చేశారు?

నీలిజీపు:
ఉన్నాయి. నాలుగూ దారంతో కట్టి మైకు హుక్కు పక్కన వేలాడదీశాను. మా ఆవిడ అవేంటని అడిగితే దిష్టికి అన్నాను.